నాన్నగారి ఫోనులో రోజంతా ‘వైరస్’ హెచ్చరికలు: బ్రౌజర్ అంటే ఏమిటో ఆయనకు ఎలా చెప్పాలి?

నాగావళి
మా నాన్నగారికి డెబ్బై ఒకటి. శ్రీకాకుళం దగ్గర పల్లెలో అమ్మతో ఉంటారు, నేను విశాఖలో ఉంటాను. నెల రోజులుగా ఆయన ఫోనులో పావుగంటకోసారి ‘మీ ఫోనులో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే తొలగించండి’ అని ఎర్రటి గుర్తుతో కబురు వస్తోంది. ఆయన భయపడి ఫోను ఆపేసి బీరువాలో పెట్టేస్తున్నారు. పోయిన వారం అమ్మకు జ్వరం వచ్చి రెండు రోజులు మంచం మీద ఉంటే నాకు తెలియనే లేదు. పక్కింటివాళ్లు ఫోను చేసి చెప్పారు.

ఆదివారం వెళ్లి పక్కన కూర్చుని చూశాను. కరెంటు బిల్లు కట్టమన్నాను. ముందు గూగుల్ గడి నొక్కారు. అందులో ‘గూగుల్’ అని టైపు చేశారు. వచ్చిన వాటిలో మొదటిది నొక్కి, అక్కడ మళ్లీ బిల్లు సంగతి టైపు చేశారు. జాబితాలో అన్నింటికన్నా పైనున్నది ప్రకటన. దాన్నే నొక్కారు. అదేదో అప్పులిచ్చేవాళ్ల పేజీ. అది ‘అనుమతించు’ అని అడిగింది, అనుమతించారు. ఎందుకు నాన్నా అంటే ‘అడిగింది కదమ్మా, కాదంటే పని జరగదేమో’ అన్నారు. పైన ట్యాబుల (తెరిచి ఉంచిన పేజీల) లెక్క చూపించే చదరంలో అంకె లేదు. రెండు చుక్కలు, పక్కన నవ్వుతున్న నోటి ఆకారం ఉన్నాయి. తెరిచిన ట్యాబులు తొంభై తొమ్మిది దాటితే క్రోమ్ అలా చూపిస్తుందట. ఫోను బాగున్నట్టు గుర్తు అనుకున్నారట ఆయన ఇన్నాళ్లూ.

‘ఇది బ్రౌజర్ నాన్నా’ అన్నాను. ‘అంటే గూగులేనా?’ అన్నారు. కాదన్నాను. ‘అయితే నెట్టా?’ అన్నారు. అదీ కాదన్నాను. ‘మరి ఏమిటి?’ అంటే నా నోట మాట రాలేదు. పదేళ్లుగా రోజంతా కంప్యూటర్ ముందు పని చేసేదాన్ని, తిన్నగా ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఎలా చెప్పారో రాయండి.

చుక్కలముగ్గు
ముందు ఆ గోల ఆపండి, పాఠం తర్వాత. అది వైరస్ కాదు. ఏదో పేజీ నోటిఫికేషన్లు పంపవచ్చా అని అడిగితే ఆయన సరే అన్నారు, ఆ పేజీవాళ్లే బ్రౌజర్ ద్వారా కబుర్లు పంపిస్తున్నారు. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగులు, అందులో సైట్ సెట్టింగులు, అందులో నోటిఫికేషన్లు. అనుమతి పొందిన సైట్లన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్నీ తీసేయండి. పైనున్న మీటనే ఆపేస్తే ఇక ఏ సైటూ అడగదు. రెండు నిమిషాల పని. ఆ కబుర్లను నమ్మి ఏదైనా యాప్ వేసుకున్నారేమో మాత్రం వెతకండి. అసలు ప్రమాదం అక్కడ ఉంది.

తీగలవంతెన
పాఠాలు వద్దు అంటాను. మా అత్తగారి ఫోనులో క్రోమ్ గుర్తునే దాచేశాను. కరెంటు బిల్లుకు ఒక యాప్, బ్యాంకుకు ఒక యాప్, వీడియోలకు ఒక యాప్. ఆమెకు బ్రౌజర్ అనే మాటే తెలియదు, ఏడాదిగా హాయిగా ఉంది. డెబ్బై ఏళ్లు దాటినవారికి ఇవన్నీ నేర్పించి వాళ్లనూ మనల్నీ కష్టపెట్టుకోవడం ఎందుకు?

లెక్కల_టీచరమ్మ
తీగలవంతెన గారూ, నాకు అరవై ఎనిమిది. మీ మాట నాకు బాగా గుచ్చుకుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. నేను రిటైరైన ఏడాది మా అబ్బాయి ఫోను కొనిచ్చి, అన్నీ తానే సర్ది, ‘అమ్మా, ఈ నాలుగు బొమ్మలు తప్ప వేరేవి ముట్టుకోకు’ అన్నాడు. ఆరు నెలలు ముట్టుకోలేదు. తర్వాత పింఛనుకు సంబంధించిన కాగితం ఒకటి కావలసి వచ్చింది. దానికి యాప్ లేదు, వెబ్‌సైట్ మాత్రమే ఉంది. అబ్బాయి పనిలో ఉన్నాడు. ఆ నాలుగు బొమ్మల్లో ఏదీ పనికి రాలేదు. ఆ రోజు ఎంత చిన్నబుచ్చుకున్నానో చెప్పలేను. పిల్లలకు బీజగణితం చెప్పినదాన్ని, ఇంకొకరు తలుపు తీసేదాకా గుమ్మంలో నిలబడవలసి వచ్చింది.

దాచేస్తే ప్రమాదం పోదు. మీ అత్తగారికి రేపు ఎవరో వాట్సాప్‌లో లింకు పంపిస్తారు. ఆమె నొక్కుతారు. గుర్తు దాచినా దాచకపోయినా ఆ లింకు తెరుచుకునేది ఏదో ఒక బ్రౌజర్‌లోనే. అప్పుడు అక్కడ ఏం చూడాలో ఆమెకు తెలియదు.

నేను నేర్చుకున్నది ఇలా. వెబ్ పేజీ అంటే ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉన్న రాత. దాన్ని తెచ్చి, నాకు చదవడానికి వీలుగా తెర మీద పరిచేది బ్రౌజర్. గూగుల్ శోధన కూడా ఆ పేజీల్లో ఒకటి, ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పేజీ. నెట్ అంటే వీటన్నింటినీ కలిపే దారి. మూడు వేర్వేరు పనులు. పోస్టాఫీసులో ఉత్తరం తెచ్చే మనిషి, చిరునామాలు చెప్పే మనిషి, ఊళ్ల మధ్య రోడ్డు, ఈ మూడూ ఒకటి కావు కదా. నాన్నగారు ‘అంటే గూగులేనా?’ అని అడిగారంటే తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్నట్టే. ఆ ప్రశ్నను వదలకండి.

నాగావళి
టీచరమ్మ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఉత్తరం తెచ్చే మనిషి పోలిక నాన్నగారికి బాగా నచ్చుతుంది, మా ఊళ్లో పోస్టుమ్యాన్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. చుక్కలముగ్గు గారూ, ఆ జాబితాలో ఎన్ని సైట్లు ఉన్నాయో ఈ వారం చూసి చెబుతాను.

మీసేవ_కౌంటర్
పదమూడేళ్లుగా కౌంటర్‌లో కూర్చుంటున్నాను, ఈ గందరగోళం వయసుతో వచ్చేది కాదు. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు కూడా ‘అన్నా, గూగుల్ తెరిచి దాంట్లో నా సర్టిఫికెట్ తీయండి’ అంటారు. తప్పు వాళ్లది కూడా కాదు. ఒకప్పుడు చిరునామా రాసే గడి వేరు, వెతికే గడి వేరు, పక్కపక్కన ఉండేవి. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు రెండింటినీ కలిపి ఒకే గడి చేసింది, తర్వాత మిగతావీ అదే దారి పట్టాయి. సౌకర్యమే, కాదనను. కానీ చిరునామా అనేది ఒకటుందనే సంగతినే జనం మరిచిపోయారు.

దీనివల్ల నా కళ్ల ముందు జరిగిన నష్టం చెబుతాను. తిరుమల గదుల కోసం పేరు వెతికి, పైన కనిపించిన సైట్‌లో డబ్బు కట్టి, రసీదు అచ్చు వేయించుకోవడానికి ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. రసీదు మీద దేవస్థానం గుర్తు, వెంకన్న బొమ్మ, అన్నీ ఉన్నాయి. చిరునామా మాత్రం దేవస్థానానిది కాదు. దేవస్థానం అసలు చిరునామా టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. వీళ్లు కట్టినది మధ్యలో అడ్డగీత, చివర డాట్ కామ్ ఉన్నది. ఆ పెద్దాయన కౌంటర్ అంచు పట్టుకుని ‘బొమ్మ ఉంది కదా బాబూ’ అని నాలుగుసార్లు అన్నారు. బొమ్మ ఎవరైనా అతికించుకోవచ్చు, చిరునామా అతికించలేరు. అప్పటికప్పుడు 1930కి ఫోను చేయించాను.

చుక్కలముగ్గు
1930 సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి. సైబర్ మోసాల సహాయ సంఖ్య. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు పోకుండా ఆపే వీలు అంత ఎక్కువ. ‘రేపు బ్యాంకుకు వెళ్లి అడుగుదాం’ అని కూర్చోకూడదు.

పాతకీబోర్డు
మీ మాటలు చదువుతుంటే నాకు 2005 ప్రాంతం గుర్తొస్తోంది. అప్పట్లో తెలుగువాడికి బ్రౌజర్ అంటే ఏమిటో తెలియక తప్పేది కాదు, తెలియకపోతే ఒక్క తెలుగు అక్షరం కనిపించేది కాదు!

విండోస్ ఎక్స్‌పీలో తెలుగు రావాలంటే ప్రాంతీయ సెట్టింగుల్లోకి వెళ్లి క్లిష్ట లిపుల (తెలుగులాంటి లిపుల) గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే విండోస్ సీడీ ఇమ్మని అడిగేది. సీడీ లేని ఇళ్లలో పని అక్కడితో ఆగిపోయేది. ఒక్కో పత్రిక వెబ్‌సైట్‌కు ఒక్కో సొంత ఫాంటు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగులో కనిపించే పేజీ ఫైర్‌ఫాక్స్‌లో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్పగా కనిపించేది. 2004లో ఫైర్‌ఫాక్స్ మొదటి పూర్తి విడుదల వచ్చింది, ఆ తర్వాత దానికి ‘పద్మ’ అనే పొడిగింపు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం, దొరికింది. అది ఆ సొంత ఫాంటుల రాతను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర పద్ధతిలోకి, మార్చి చూపించేది. మొదటిసారి ఆ కుప్ప విడిపోయి తలకట్లతో, ఒత్తులతో నిలువెల్లా తెలుగైన క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. రాత్రి పదకొండు గంటలకు మా నాన్నను నిద్ర లేపి చూపించాను.

నాగావళి గారూ, నేను ఇది ఊరికే గతం తలుచుకోవడానికి రాయలేదు. అదే పేజీ రెండు బ్రౌజర్లలో రెండు రకాలుగా కనిపించడం చూసినవాడికి, పేజీ వేరు, చూపించేది వేరు అని ఒక్క క్షణంలో అర్థమవుతుంది. నాన్నగారి ఫోనులో క్రోమ్ పక్కన ఫైర్‌ఫాక్స్ వేసి, ఒకే పత్రికను రెండింట్లో తెరిచి పక్కపక్కన చూపించండి. వెయ్యి మాటలు అక్కర్లేదు.

గడియారంస్తంభం
పాతకీబోర్డు గారూ, నోకియా బటన్ల ఫోనులో తెలుగు చదివిన మమ్మల్ని మరిచిపోయారు. ఒపెరా మినీ! ఆ ఫోనులో తెలుగు ఫాంటే ఉండదు, అన్నీ డబ్బాలే కనిపించేవి. చిరునామా గడిలో ఒపెరా, కోలన్, కాన్ఫిగ్ అని కొడితే ఒక రహస్య పేజీ తెరుచుకునేది. అందులో క్లిష్ట లిపులకు బొమ్మ ఫాంటు వాడు అన్న చోట అవును అని పెట్టి దాచుకోవాలి. అంతే, డబ్బాలు తెలుగయ్యేవి. ఒపెరావాళ్ల కంప్యూటర్లే ఆ అక్షరాలను బొమ్మలుగా మార్చి ఫోనుకు పంపించేవి. హాస్టల్‌లో నలభై మంది ఫోనుల్లో ఈ పని నేనే చేసి పెట్టాను. కొందరు చాయ్ ఇప్పించారు, కొందరు ఇంకా బాకీ!

పాతకీబోర్డు
అమ్మయ్య, ఇంకొకరు ఉన్నారు! ఆ చాయ్ బాకీలు వడ్డీతో వసూలు చేయండి.

రాయలచెరువు
ఇంతసేపూ అందరూ బ్రౌజర్ అనే రాస్తున్నారు. విహారిణి అనే చక్కటి మాట ఉంది కదా, బ్లాగుల రోజుల్లో చాలామంది వాడారు. ఆ మాటలోనే అర్థం ఉంది, జాలంలో విహరింపజేసేది అని. నాన్నగారికి ఆ మాట చెబితే వివరించే పనే ఉండదు.

తీగలవంతెన
రాయలచెరువు గారూ, ఆయన సెట్టింగుల్లో విహారిణి కోసం వెతుక్కుంటే ఎక్కడ దొరుకుతుంది?

రాయలచెరువు
పేరు అర్థమైతే పని అర్థమవుతుందని నా ఉద్దేశం. ఫోనును తెలుగులోకి మార్చి చూడండి, సెట్టింగుల పేర్లన్నీ తెలుగులో వస్తాయి, ‘అలో’ అంటే ఏమిటో తెలియక నొక్కేవాళ్లు ‘అనుమతించు’ అని చూస్తే ఒక్క క్షణం ఆగుతారు.

నాగావళి
నాన్నగారి ఫోను తెలుగులోనే ఉంది. ‘అనుమతించు’ అని చూసే అనుమతించారు. అదే నా బాధ.

లెక్కల_టీచరమ్మ
అందుకే ఒక సూత్రం చెప్పండి. బ్రౌజర్‌లో ఎవరైనా అనుమతి అడిగితే ముందు ‘వద్దు’ అనాలి. వద్దన్నా పేజీ చదవడం ఆగదు. నిజంగా అవసరమైతే, ఉదాహరణకు మ్యాపు మన చోటు చూపించాలంటే, తర్వాత మళ్లీ ఇవ్వవచ్చు. కాదంటే పని జరగదేమో అన్న భయం మా తరానిది. ఆఫీసుల కౌంటర్ల ముందు నిలబడి నేర్చుకున్న భయం అది. దాన్ని తీసేస్తే సగం పని అయినట్టే.

టెక్సాస్_తెలుగువాడు
పాతకీబోర్డు గారి ఉపాయానికి ఒక సవరణ. పేజీ తేడాగా కనిపించాలంటే రెండు బ్రౌజర్ల లోపలి యంత్రం, అంటే పేజీని తెర మీద పరిచే ప్రోగ్రాం, వేరుగా ఉండాలి. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, శాంసంగ్ ఇంటర్నెట్, ఇవన్నీ పైకి వేరు, లోపల బ్లింక్ అనే ఒకటే యంత్రం. ఫైర్‌ఫాక్స్‌ది గెకో. సఫారీది వెబ్‌కిట్. ఇక్కడ నా ఐఫోనులో క్రోమ్ వేసినా, ఫైర్‌ఫాక్స్ వేసినా లోపల నడిచేది వెబ్‌కిట్టే, ఆపిల్ పెట్టిన నిబంధన అది. ఐరోపా సమాఖ్యలో 2024 నుంచి సడలించారు. ఆండ్రాయిడ్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ జోడీ సరైనదే. అయినా ఇప్పుడు రెండింట్లోనూ తెలుగు చక్కగా వస్తుంది కాబట్టి తేడా పెద్దగా కనబడదు, మన అదృష్టం కొద్దీ.

అమ్మ హనుమకొండలో ఉంటుంది. నేను మాత్రం ఆమెను అజ్ఞాత (ఇన్‌కాగ్నిటో) ట్యాబ్‌లోనే బ్యాంకు పనులు చేసుకోమన్నాను. ఎవరికీ ఏమీ కనిపించదు, భద్రంగా ఉంటుంది.

చుక్కలముగ్గు
రెండో మాట తప్పు అండీ, దయచేసి అమ్మగారికి సరిచేసి చెప్పండి. అజ్ఞాత ట్యాబ్ చేసేది ఒక్కటే. మూసేశాక చూసిన పేజీల జాబితా, కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి ఫోనులో దాచే చిన్న వివరాలు) ఆ ఫోనులో మిగలవు. నెట్ ఇచ్చే సంస్థకు, వెళ్లిన సైటుకు, ఆఫీసు నెట్ అయితే ఆఫీసువాళ్లకు మీ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. దొంగ బ్యాంకు పేజీని అజ్ఞాత ట్యాబ్‌లో తెరిచినా దొంగ పేజీయే.

టెక్సాస్_తెలుగువాడు
ఇన్నేళ్లుగా తప్పుగా అనుకున్నాను. రాత్రికే ఫోను చేసి చెబుతాను.

గడియారంస్తంభం
అజ్ఞాత ట్యాబ్ నిజంగా పనికొచ్చేది ఇతరుల కంప్యూటర్ వాడినప్పుడు. మా చెల్లి ఎంసెట్ వెబ్ ఆప్షన్లు ఊళ్లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పెట్టింది. పేజీలోంచి బయటికి రాకుండా కిటికీ మాత్రం మూసేసి ఇంటికి వచ్చింది. కిటికీ మూస్తే అంతా అయిపోయిందనుకుంది. పాస్‌వర్డ్ దాచమంటారా అని బ్రౌజర్ అడిగితే సరే అని కూడా నొక్కింది. సాయంత్రం ఇంకో సెంటర్‌లో తెరిచి చూస్తే కాలేజీల వరుస మారిపోయి ఉంది. ఎవరు మార్చారో ఈనాటికీ తెలియదు. గడువు ఇంకా మిగిలి ఉంది కాబట్టి సరిదిద్దుకుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఇవాళ ఆమె ఇంజినీరు, ఇప్పటికీ బయటి కంప్యూటర్ ముట్టుకుంటే లాగౌట్ అయ్యానా అని మూడుసార్లు చూసుకుంటుంది.

మీసేవ_కౌంటర్
మా దగ్గర కంప్యూటర్లలో పాస్‌వర్డ్ దాచమనే ప్రశ్నే రాకుండా ఆపేసి పెట్టాను. సెంటర్లు నడిపే ప్రతి ఒక్కరూ ఆ పని చేయాలి. సెట్టింగుల్లో ఒక్క మీట.

పాత ప్రభుత్వ సైట్లతో మా అవస్థ కూడా చెప్పాలి. కొన్ని ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకునేవి కావు. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసినప్పుడు చాలా కౌంటర్లలో దిగులు పట్టుకుంది. ఎడ్జ్‌లో ఎక్స్‌ప్లోరర్ మోడ్ అని ఒకటుంది, దానితో గట్టెక్కాం. ఇంకొకటి, బిల్లు కట్టాక రసీదు రాలేదని చాలామంది రెండోసారి కడతారు. రసీదు కొత్త కిటికీలో తెరుచుకోబోతే బ్రౌజర్ అడ్డుకుని ఉంటుంది. చిరునామా గడి దగ్గర చిన్న గుర్తు కనిపిస్తుంది, దాన్ని నొక్కి ఆ ఒక్క సైటుకు అనుమతి ఇస్తే రసీదు వస్తుంది. మళ్లీ కట్టే ముందు అది చూడండి.

రాయలచెరువు
టీచరమ్మ గారు అనుమతి ఇవ్వవద్దంటారు, మీరు ఇవ్వమంటారు. నాన్నగారు ఎవరి మాట వినాలి?

మీసేవ_కౌంటర్
ఎవరు అడుగుతున్నారో చిరునామా చూసి తేల్చుకోవాలి. తిరిగి తిరిగి అక్కడికే వస్తాం.

లెక్కల_టీచరమ్మ
సరే, అయితే చిరునామా చదవడం ఎలాగో రాస్తాను, నేను పిల్లలకు చెప్పినట్టే. చిరునామాలో మొదట వచ్చే ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగండి. ఆ గీత తర్వాత ఎంత పొడుగున్నా వదిలేయండి. ఇప్పుడు ఆ గీత దగ్గర నుంచి ఎడమకు, వెనక్కి చదవండి. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర వస్తుంది. ఆ చివరి రెండు మూడు ముక్కలే యజమాని. ముందున్నవి ఎవరైనా పెట్టుకోగల ముద్దుపేర్లు.

మీసేవ_కౌంటర్
ఇంటిపేరు కన్నా ఉత్తరం మీది చిరునామా మేలు, టీచరమ్మ గారూ. పేరు, వీధి, ఊరు, జిల్లా. ఉత్తరం ఏ జిల్లాకు వెళ్తుందో చివరి వరుస చెబుతుంది. పైన ‘తిరుమల’ అని రాసి కింద వేరే జిల్లా రాస్తే ఉత్తరం ఆ వేరే జిల్లాకే పోతుంది. మా కౌంటర్‌లో ఇది చెబితే వెంటనే తలూపుతారు.

లెక్కల_టీచరమ్మ
ఒప్పుకుంటున్నాను, మీదే బాగుంది. పైగా నేను ముందు చెప్పిన ఉత్తరం తెచ్చే మనిషికి కూడా కలుస్తుంది.

పాతకీబోర్డు
దీనికి తోడు ఒక మంచి సంగతి జరిగింది. రిజర్వు బ్యాంకు మన బ్యాంకులన్నింటినీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే చివరి వరుసకు మారమంది, గడువు 2025 అక్టోబర్ 31. ఆ పేర్లు నమోదు చేసేది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ, బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు. ప్రభుత్వానికి డాట్ గవ్ డాట్ ఇన్ ఎలాగో, ఇది బ్యాంకులకు అలాగ. నాన్నగారికి ఈ రెండు జిల్లాలు నేర్పించండి చాలు.

కానీ గవ్, ఇన్ అనే ముక్కలు చివరే ఉండాలి, మధ్యలో చుక్కతోనే ఉండాలి. ‘ఏపీ అడ్డగీత గవ్ అడ్డగీత ఇన్ డాట్ కామ్’ అని ఉంటే దాని జిల్లా డాట్ కామే.

తీగలవంతెన
చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే చాలని విన్నాను. ఇంత చదవడం ఎందుకు?

చుక్కలముగ్గు
తాళం అంటే మీకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే మాటలు దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. అవతల ఉన్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు. దొంగలు కూడా తాళం పెట్టుకుంటున్నారు. జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా పొరపడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మను తీసేసి అక్కడ మీటల గుర్తు పెట్టింది.

తీగలవంతెన
ఇది నాకు తెలియదు. అత్తగారి ఫోనులో క్రోమ్ మళ్లీ బయటికి తీసి పెడుతున్నాను. టీచరమ్మ గారూ, మీ మాటతో ఇంకా పూర్తిగా ఏకీభవించలేదు. ఆమెకు చూపు తక్కువ, ఆ చిన్న అక్షరాలు ఎలా చదువుతుంది?

లెక్కల_టీచరమ్మ
చిరునామా మీద వేలుపెట్టి నొక్కి, అక్కడి నకలు గుర్తు తాకి, వాట్సాప్‌లో మీకు పంపమనండి. ఆమె చదవకపోయినా మీరు చదివి చెబుతారు. నాకు కళ్ల ఆపరేషన్ అయిన నెలలో మా మనవరాలికి నేను అలాగే పంపేదాన్ని.

నాగావళి
నిన్న ఊరు వెళ్లి వచ్చాను. అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది.

నోటిఫికేషన్ల జాబితాలో ముప్పై ఏడు సైట్లు ఉన్నాయి! ఒక్కొక్కటీ నాన్నగారి చేతే తీయించాను. పదో దానికి ఆయనకు వేగం వచ్చింది, ఇరవయ్యో దానికి కోపం వచ్చింది. ‘ఇంతమందిని ఇంట్లోకి రానిచ్చానా’ అన్నారు. వాళ్లు వేయించిన యాప్ ఒకటి దొరికింది, ఫోను శుభ్రం చేస్తుందట. అదీ తీసేశాం. సాయంత్రం దాకా ఒక్క ఎర్ర కబురు రాలేదు.

తర్వాత ఒక ఇన్‌లాండ్ కవరు తీశాను. ఆయన పాత పెట్టెలో దొరికింది, 1987లో మా మేనత్త రాసినది. దాని మీద చిరునామా చూపించి, పక్కన ఫోనులో దేవస్థానం చిరునామా చూపించాను. ఉత్తరం పేజీ, తెచ్చే మనిషి బ్రౌజర్, ఫలానావాళ్ల ఇల్లు ఎక్కడ అంటే చెప్పేవాడు గూగుల్ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, ‘అయితే నేను ఇన్నాళ్లూ దారి చెప్పేవాడి దగ్గరికి వెళ్లి, నువ్వెక్కడుంటావు నాయనా అని ఆయన్నే అడిగానన్నమాట’ అన్నారు. గూగుల్‌లో గూగుల్ అని కొట్టడం గురించి! అమ్మ వంటింట్లోంచి నవ్వింది. ఆయనా నవ్వారు. బిల్లు కట్టేటప్పుడు చివరి వరుస ఏమిటో పైకి చదివి, నా వైపు చూసి, నేను తలూపాకే నొక్కారు.

ఒక తప్పు చేశాను. ట్యాబులు నూట నలభైకి పైగా ఉంటే అన్నీ ఒక్కసారి మూసేశాను. అందులో ఆయన రోజూ పొద్దున్నే చూసుకునే పంచాంగం పేజీ ఉందట. ఇవాళ తెల్లవారుజామున ఫోను చేసి ‘నా తిథి ఏమైందమ్మా’ అని అడిగారు. దాన్ని ఎలా తేవాలి?

చుక్కలముగ్గు
పోలేదు. మూడు చుక్కలు నొక్కి హిస్టరీ చూడండి, రోజూ తెరిచేది కాబట్టి అందులో ఉండాలి. దొరకగానే మళ్లీ మూడు చుక్కలు నొక్కి ‘హోమ్ స్క్రీన్‌కు జోడించు’ అనండి. ఆ పేజీ ఒక గుర్తుగా బయట నిలుస్తుంది. ట్యాబు తెరిచి ఉంచడం దాచుకోవడం కాదు అని కూడా ఆయనకు చెప్పండి. పేజీని గుర్తుపెట్టుకోవాలంటే బుక్‌మార్క్, పైన నక్షత్రం గుర్తు.

గడియారంస్తంభం
కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, టి మూడూ కలిపి నొక్కితే ఇప్పుడే మూసిన ట్యాబు తిరిగొస్తుంది. నా జీవితాన్ని ఎన్నిసార్లు కాపాడిందో.

నాగావళి
దొరికింది! ఫోనులోనే చెప్పి ఆయన చేతే వెతికించాను, పదకొండు నిమిషాలు పట్టింది. తెర మీద గుర్తు పెట్టుకున్నారు. ఇప్పుడు దాని పక్కన పత్రిక గుర్తు కూడా కావాలంటున్నారు, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే బాగుండునట.

పాతకీబోర్డు
క్రోమ్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ. అక్కడ అక్షరాల పరిమాణం జరిపే గీత ఉంటుంది, కుడివైపు జరపమనండి. ప్రతి పేజీకీ వర్తిస్తుంది.